మంత్రి గారూ, కొండపల్లి కోటను దర్వాజా దగ్గర్నుంచి చూపించండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లెటూరి వాణ్ణి, తాపీ మేస్త్రిని. మా నాన్నదీ అదే పని. ఆయన గానుగ సున్నంతో పనిచేసిన తరం, నేను సిమెంటు తరం. మా వైపు నుంచి ఏటా ఎంతమంది విజయవాడకీ హైదరాబాదుకీ కట్టుబడి పనులకు వలస పోతారో మీకు తెలియంది కాదు. నేనూ అలాగే వెళ్లి విజయవాడ చుట్టుపక్కల చాలాకాలం పనిచేశాను, సెలవు దొరికితే కొండపల్లి కోట ఎక్కడం అప్పుడే అలవాటైంది. ఈ ఉత్తరం ఆ కోట గురించి, అందులోనూ దాని దర్వాజాల గురించి.

నేను అడిగేది ఒక్కటే. కొండపల్లి కోటకు వచ్చే జనాన్ని దర్వాజాల గుండా, కింది నుంచి పైకి, పూర్వం మనుషులు ఎక్కిన వరసలో నడిపించండి. ఆ దారిని శుభ్రం చేయించి, ప్రతి గుమ్మం దగ్గర అది ఎలా పనిచేసేదో తెలుగులో రాసి పెట్టించండి. ఆ గుమ్మాలను బాగుచేసేటప్పుడు సిమెంటు ముట్టనివ్వకండి.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఎక్కడో ఉన్న కొండపల్లితో ఏం పని అని మీ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు, అడిగితే ఈ మాట చెప్పండి. గోల్కొండ వాళ్ల కాలంలో మా శ్రీకాకుళం చికాకోల్ సర్కార్ (సర్కార్ అంటే అప్పట్లో జిల్లా లాంటి పాలన ప్రాంతం), కొండపల్లి ఇంకో సర్కార్, దానికి ముస్తఫానగర్ అని కూడా పేరు. శ్రీకాకుళంలో 1641లో జామియా మసీదు కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ గోల్కొండ పంపిన ఫౌజ్‌దారే, అంటే సైనిక పాలకుడే. 1652లో ఆయన వెంటే విజయనగరం పూసపాటి వాళ్ల పూర్వీకులు, బొబ్బిలి వాళ్ల పూర్వీకులు ఇటు వచ్చారని మా జిల్లాల చరిత్రలో చదువుకుంటాం. 1766లో ఇంగ్లిష్ కంపెనీ సేన కొండపల్లి కోటను పట్టుకుంది, అదే ఏడాది నవంబరులో నిజాం ఉత్తర సర్కారులను కంపెనీకి ఒప్పజెప్పాడు, అందులో చికాకోల్ కూడా ఉంది. అంటే ఆ కొండమీది కోటతోపాటే మా ఊళ్ల తలరాత కూడా మారింది. ఇంకా వెనక్కి పోతే 1516 నాటి సింహాచలం శాసనం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతి మీదికి దండెత్తి ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం గెలుచుకుంటూ సింహాద్రి దాకా వచ్చి స్వామికి నగలు సమర్పించాడని రాసి ఉంటుంది. మా అమ్మ ఏటా చందనోత్సవానికి వెళ్లే గుడి రాతి మీద కొండపల్లి పేరు ఉంది సార్. కాబట్టి ఇది మాకు పరాయి కోట కాదు.

ఇక అసలు సంగతి. కోట అంటే జనం మహల్ చూస్తారు, పైనుంచి కనబడే ఊరిని చూస్తారు, ఫోటోలు దిగుతారు. నేను మేస్త్రిని కాబట్టి నా చూపు ముందు గుమ్మం మీదికి పోతుంది. కోటలో మిగతా గోడంతా మూసి ఉండేదే, తెరిచి ఉంచక తప్పని చోటు గుమ్మం ఒక్కటే. రాజు రావాలి, ధాన్యం రావాలి, ఏనుగులు, గుర్రాలు, సైన్యం అన్నీ అక్కడినుంచే రావాలి, శత్రువు మాత్రం రాకూడదు. ఈ రెండు పనులూ ఒకే సందులో చేయించాలి. అందుకే కట్టేవాడి తెలివంతా అక్కడ కనబడుతుంది.

కొండపల్లిలో ఒకదాని తర్వాత ఒకటిగా మూడు దర్వాజాలు దాటాలి. ముఖ్యమైనదాన్ని దర్గా దర్వాజా అంటారు, యుద్ధంలో చనిపోయారని చెప్పే ఒక వలీ (ముస్లిం సాధువు) దర్గా పేరు మీద ఆ పేరు వచ్చింది. సుమారు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. అంత రాతిని క్రేను లేని రోజుల్లో కొండమీద ఎలా నిలబెట్టారా అని నేను దాని కింద నిలబడి చాలాసేపు చూస్తుంటాను. కొండకు రెండో కొసన గోల్కొండ దర్వాజా ఉంది, అది జగ్గయ్యపేట వైపు దిగే దారి. ఇవాళ విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే హైవే కూడా జగ్గయ్యపేట మీదుగానే పోతుంది. గోల్కొండ కోటలో కూడా అంతే, పటాన్‌చెరు వైపు తెరుచుకునేది పటాన్‌చెరు దర్వాజా. గుమ్మం పేరు చదివితే ఆ కాలంలో దారి ఎటు పోయేదో తెలిసిపోతుంది. ఇది పిల్లలకు ఎవరైనా అక్కడ నిలబెట్టి చెప్పాలి కదా సార్.

కోట గుమ్మం ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా రాస్తాను, విసుగనుకోకండి. మొదటిది మలుపు. ఏనుగుతో తలుపు పగలగొట్టించాలంటే ఏనుగుకు పరుగెత్తే చోటు కావాలి. దారిని గుమ్మం ముందు అడ్డంగా మలిపితే ఆ చోటు దొరకదు, పైగా మలుపులో చిక్కిన వాళ్లు పైనున్న వాళ్లకు పక్కనుంచి దొరుకుతారు. గోల్కొండ బాలాహిస్సార్ దర్వాజా ఎదురుగా ఒక తెర గోడ కట్టారు, దాన్ని చుట్టి తిరిగితే గానీ తలుపు కనబడదు. రెండోది తలుపు. మందమైన కొయ్య రెక్కలు, వాటికి ఇనుప రేకులు, బయటి వైపు పొడుచుకొచ్చిన ఇనుప మొలలు, గోల్కొండ ఫతే దర్వాజా మీద అవి ఈరోజుకీ చూడొచ్చు. ఇప్పటి తలుపులకు ఉన్నట్టు బందులు ఉండవు, రెక్క పైకొసా కిందికొసా రాతిలో తొలిచిన గుండ్రటి గుంటల్లో కూర్చుని తిరుగుతాయి. కొయ్య పోయినా చాలా కోటల్లో ఆ గుంటలు రాతిలో అలాగే ఉంటాయి. గోడలో రెండు వైపులా లోతైన చతురస్రపు కన్నాలు కూడా ఉంటాయి, తలుపు మూశాక వెనక అడ్డంగా తోసే గడియ మాను వాటిలో దిగేది. చూడటం నేర్పితే పదేళ్ల పిల్లవాడు కూడా ఆ గుంటనీ ఆ కన్నాన్నీ పట్టుకుని, తలుపు ఎంత పెద్దదో, ఎటు తెరుచుకునేదో, మాను ఎంత లావుదో చెప్పేయగలడు. నేర్పేవాళ్లు లేక వాటిలో చిప్స్ ప్యాకెట్లు కుక్కి పోతున్నారు.

పెద్ద తలుపులో చిన్న దిడ్డి తలుపు ఉంటుంది, రాత్రిపూట ఒక్కొక్క మనిషినీ వంగి రానిచ్చేందుకు. గుమ్మం లోపల రెండు పక్కలా కావలి వాళ్ల అరుగులు, గదులు. అన్నిటికన్నా బలహీనమైనది కాపలా మనిషే అనుకోండి, 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించినా లోపలికి రాలేకపోయింది, చివరికి లంచం పుచ్చుకున్న ఒక అధికారి లోపలినుంచి తలుపు తీయించాడు. అంత ఫిరంగి బలానికి లొంగని కట్టడం అది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దూలానికీ ఆర్చికీ ఉన్న తేడా, అది మా పని కాబట్టి. రెడ్డి రాజుల, గజపతుల, విజయనగర కాలపు గుమ్మాల్లో ఎక్కువగా రెండు నిలువు రాతి కంబాలు, పైన అడ్డంగా రాతి దూలం ఉంటాయి. రాయికి బరువు మోసే బలం ఉంది గానీ వంగే గుణం లేదు. దూలం మీద బరువు పడితే దాని కింది అంచు లాగుడుకు లోనవుతుంది, ఆ లాగుడును రాయి ఓర్చుకోలేదు, నడుమ చిట్లుతుంది. ఇప్పుడు మేం స్లాబులో అడుగు వైపు ఇనుప చువ్వలు పరిచేది కూడా ఆ లాగుడు కోసమే. చువ్వ లేని కాలంలో గుమ్మం వెడల్పు పెంచాలంటే దూలం మందం పెంచాలి, లేదా కంబం తల దగ్గర రాళ్లు కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ వచ్చి సందు తగ్గించాలి. తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు ఆర్చిలు విరివిగా కట్టించారు. ఆర్చిలో లాగుడు ఉండదు, ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఆ నొక్కుడు రెండు వైపులా గోడల్లోకి దిగుతుంది. గుమ్మం వెడల్పయింది, ఎత్తయింది, అంబారీతో సహా ఏనుగు దూరేంత. అయితే ఆర్చి పక్కనున్న గోడను తోడేస్తే ఆర్చి కాళ్లు పక్కకు జారతాయి. రోడ్డు కోసం, పార్కింగ్ కోసం, పైపు లైను కోసం దర్వాజా పక్క గోడను "కొంచెమే కదా" అని తవ్వే ప్రతి ఇంజినీరూ ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అక్కడ గోడా గుమ్మమూ వేరువేరు కావు.

బాలాహిస్సార్ దర్వాజా మీద ఈ రెండు పద్ధతులూ కలిసి ఉంటాయి. యాళీలు, అంటే గుళ్లలో కనబడే సింహంలాంటి వింత జంతువులు, చెక్కిన రాతి దూలం, పైన గచ్చుతో చేసిన సింహాలు, తోక చాచిన నెమళ్లు. సుల్తాను గుమ్మం మీద ఆ యాళీలను చెక్కిన చేతులు మన గుడులు చెక్కిన చేతుల్లాంటివే అని నా నమ్మకం. అక్కడ గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొసన వినబడుతుందని అందరూ కొట్టి చూస్తారు, సంతోషం, కానీ చప్పట్లు అయ్యాక ఒక్కరూ తల పైకెత్తి ఆ నెమళ్లను చూడరు.

కొండపల్లిలో ఇప్పుడు జరుగుతున్నది ఇది. ఘాట్ రోడ్డు ఉంది, మంచిదే, పెద్దవాళ్లు, పసిపిల్లలతో వచ్చేవాళ్లు పైకి రాగలుగుతున్నారు, దాన్ని తీసేయమని నేను అనను. కోటలో కొన్ని మరమ్మతులు కూడా చేయించారు, అందుకు ధన్యవాదాలు. కానీ వచ్చినవాళ్లు కారు దిగి తానీషా మహల్ వైపు నడిచి, పైన గాలి పీల్చుకుని, కిందికి దిగి తెల్లపొణికి బొమ్మలు కొనుక్కుని వెళ్లిపోతారు. కోట ఎందుకు గెలవడం కష్టమో వాళ్లకు ఎక్కడా తెలియదు. ఆయాసపడుతూ ఎక్కి, మొదటి గుమ్మం దాటి హమ్మయ్య అనుకునేలోపు ఎదురుగా ఇంకో గుమ్మం కనబడితే, అప్పుడు అర్థమవుతుంది ఆ కోట. నీళ్లు కూడా అంతే, ఆ కొండమీద ఊటతో నిండే లోతైన కోనేరు ఉంది, అది లేకపోతే దర్వాజా ఎంత గట్టిదైనా దండు నిలవదు, ముట్టడి ఓర్చుకోవాలంటే నీళ్లే దిక్కు. ధాన్యం కొట్లు, తర్వాత వచ్చిన ఇంగ్లిష్ వాళ్ల బ్యారక్‌లు, వాళ్ల సమాధులు కూడా ఉన్నాయి. వీటన్నిటినీ గుమ్మం నుంచి మొదలుపెట్టి ఒక దారిలో పెడితే నాలుగైదు వందల ఏళ్లు కాళ్ల కింద నడుస్తాయి.

కోటల దగ్గర మన నీలం బోర్డుల మీద ఏం ఉంటుంది? ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే శిక్ష, 1960 చట్టం, అంతే. దేన్ని కాపాడమంటున్నారో చెప్పకుండా కాపాడమంటే జనం ఎలా కాపాడతారు సార్? దర్గా దర్వాజా దగ్గర ఒక మంచి బొమ్మతో, తలుపు మూసినప్పుడు, తెరిచినప్పుడు ఎలా ఉండేదో గీయించి పెట్టండి. కింద నాలుగు ముక్కలు, మా ఊరి బడి పిల్లలు చదివి అర్థం చేసుకునే తెలుగులో. ఎక్కడి రాయి, ఎవరి కాలంలో కట్టింది, ఎవరి కాలంలో మార్చింది, ఎందుకు మార్చారు. కోటలో ఒక్కొక్క రాజు ఒక్కొక్క ముక్క కట్టాడు, అన్నిటినీ ఒకే రాజు ఖాతాలో రాసేసి వదిలేయకండి.

ఇప్పుడు సున్నం సంగతి. దీని గురించి నాకు నిజంగా బాధ ఉంది. ఒకసారి ఒక పాత గుడి ప్రాకారానికి మరమ్మతు పనిలో ఉన్నాను, పేరు వద్దు. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది, మాకు ఇచ్చింది సిమెంటు బస్తాలు. మార్చిలోపు బిల్లు పెట్టాలి, తొందరగా కానివ్వండి అన్నారు. కానిచ్చాం. రెండు వానలు దాటేసరికి సిమెంటు పూసిన చోట రాయి పొరలు పొరలుగా ఊడింది, పూయని చోట పాత సున్నం అలాగే నిలబడింది. కారణం పెద్ద రహస్యం కాదు. పాత గోడ భూమిలోంచీ వానలోంచీ తడి పీల్చుకుంటుంది, ఎండలో సున్నపు అతుకుల్లోంచి ఆ తడిని బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, వేసవిలో ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టినట్టు. తడి రాతిలోకి తిరుగుతుంది, దాంతోపాటు ఉప్పు తేలుతుంది, రాయి చిట్లుతుంది. పైగా సిమెంటు రాయికన్నా బిగువు, ఎండకు గోడ కదిలినప్పుడు సున్నమైతే తాను చీలి రాయిని కాపాడుతుంది, సిమెంటైతే తాను నిలబడి రాయిని చీలుస్తుంది.

గానుగ సున్నానికి ఓపిక కావాలి. సున్నపు రాయి కాల్చాలి, నీళ్లలో చల్లార్చాలి, నాననివ్వాలి, ఇసుకతో కలిపి గానుగలో నూరాలి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలపాలి. గట్టిపడటానికి నెలలు పడుతుంది, అందాకా తడుపుతూ ఉండాలి. మూడు నెలల టెండరులో ఇది జరగదు. టెండరు కాగితంలోనే సున్నం అని రాయించి, దానికి తగ్గ గడువు, తగ్గ కూలి పెట్టించండి. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంకా ఉన్నారు, మా నాన్న ఒకరు. వాళ్లను కొండపల్లికి పిలిపించి, కుర్ర మేస్త్రీలకు అక్కడే పనిమీద నేర్పించండి, రోజుకూలి ఇచ్చి. పదేళ్లు ఆగితే నేర్పడానికి ఎవరూ ఉండరు. ఇది నా కులాసా కోసం చెప్పే మాట కాదు, ఆ విద్య మా ఇంట్లోనే నా తరానికి సగం పోయింది.

చెట్ల గురించి కూడా. రావి, మర్రి మొలకలు గుమ్మం పైన రాళ్ల సందుల్లో పుడతాయి. పైకి కనబడే కొమ్మ నరికి ఫోటో తీసుకుంటే పని అయిపోయినట్టు కాదు, వేరు లోపల అలాగే లావెక్కి దూలాన్ని పక్కకు తోస్తుంది. మొలకగా ఉన్నప్పుడే వేరుతో సహా పీకి, ఆ సందును సున్నంతో నింపాలి. బాగా ముదిరిపోయిన వేరైతే లాగకూడదు, లాగితే గోడే వస్తుంది, దానికి తెలిసినవాళ్లు కావాలి. ఇంకో పీడ గుప్తనిధుల వాళ్లు. రాష్ట్రంలో ఏ కోటనూ వదలడం లేదు, గడప కింద, బురుజు కింద తవ్వేస్తారు, ఒక్క గుమ్మం కింద గొయ్యి తీస్తే పైనున్న బరువంతా కదిలిపోతుంది. ప్రతి కోటకూ స్థానికంగా ఇద్దరు ముగ్గురు కాపలాదారులు, వాళ్లకు నెలనెలా జీతం, అంతకన్నా పెద్ద ఏర్పాటు ఏమీ అక్కర్లేదు.

మా జిల్లాల్లో కొండమీద అంత పెద్ద కోట లేదు. మాకున్నవి వేరు. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట మట్టి కోట. బొబ్బిలిది కూడా అప్పట్లో మట్టి కోటే, 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు ఆ గోడలు నిలవలేదు, లోపలి మనుషులు మాత్రం చివరిదాకా నిలబడ్డారు, ఆ కథ తెలియని ఇల్లు మా వైపు లేదు. విజయనగరం రాతి కోట 1713లో మొదలైంది, నాలుగు మూలలా బురుజులు, తూర్పున నగారాఖానా ఉన్న సింహద్వారం, పడమర దానికన్నా చిన్నది ఇంకొకటి. ఇవాళ ఆ తూర్పు గుమ్మం కిందినుంచి రోజూ కాలేజీ పిల్లలు వెళ్తుంటారు, పైన నగారా ఎందుకు మోగించేవాళ్లో వాళ్లలో ఎంతమందికి తెలుసు? 2020లో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు ఊరు ఊరంతా బాధపడింది, గొడవైంది, మళ్లీ నిలబెట్టారు. జనానికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. తెలిస్తే జనం కాపాడుకుంటారు. అందుకే కొండపల్లిలో మొదలుపెట్టిన పద్ధతిని విజయనగరం కోట గుమ్మాలకూ తీసుకురమ్మని అడుగుతున్నాను, ఆ కోట ఎవరి ఆధీనంలో ఉందన్నది అడ్డు కానివ్వకండి, మాట్లాడితే ఒప్పుకుంటారు.

2013లో రాజస్థాన్ కొండకోటలు ఆరు యునెస్కో జాబితాలోకి వెళ్లాయి. చిత్తోడ్‌గఢ్‌లో పాడన్ పోల్ నుంచి రామ్ పోల్ దాకా ఏడు గుమ్మాలు, ప్రతిదానికీ పేరు, ప్రతి పేరుకూ కథ, అక్కడి గైడ్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతారు. 2025లో మరాఠా కోటలు పన్నెండు చేరాయి, అందులో మన పక్కనే తమిళనాడులోని జింజీ ఉంది. మన రాష్ట్రం నుంచి ఇప్పటిదాకా ఒక్క కట్టడం కూడా ఆ జాబితాలో లేదు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, గుత్తి, పెనుకొండ, ఎన్ని కొండకోటలు సార్ మనకి! అయితే యునెస్కో పేరు చెప్పి కన్సల్టెంట్లకు డబ్బులిచ్చి రంగుల పుస్తకాలు అచ్చు వేయించడం నాకు ఇష్టం లేదు. ముందు గుమ్మాలు బాగుండాలి.

మీరు ఈ వానలకు ముందే చేయించగలిగినవి కొన్ని ఉన్నాయి. మూడు దర్వాజాల మీది మొలకలు తీయించడం, కింది నుంచి నడిచే దారిలో ముళ్లు కొట్టించి బాణం గుర్తులు పెట్టించడం, గుమ్మాలకు కొలతలు తీయించి బొమ్మలు గీయించడం. కొలతల బొమ్మ ఉంటే రేపు ఏ రాయి పడినా ఎక్కడిదక్కడ పెట్టొచ్చు. వీటికి కోట్లు అక్కర్లేదు. ఆ తర్వాత సున్నం గానుగ ఒకటి కొండ కింద పెట్టించండి, మా నాన్నను నేనే తీసుకొస్తాను, మోకాళ్ల నొప్పులున్నాయి గానీ కూర్చుని చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సర్కారు బడుల పిల్లల్ని ఏడాదికి ఒకసారైనా అక్కడికి తీసుకెళ్లేందుకు బస్సు ఖర్చు మీ శాఖ పెట్టుకుంటే, వాళ్లను ఘాట్ రోడ్డు మీద కాకుండా నడిపించి ఎక్కించమని మాస్టార్లకు చెప్పండి.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి,
రాజాం, విజయనగరం జిల్లా